పొగ లేని లాండ్రీ

మా లాండ్రీలో నా పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పైన పెద్దసారు దాకా అందరికీ నేను ‘పొల్యూషన్ మేడమ్’నే. పొల్యూషన్ చేసేదాన్ని కాదయ్యా, ఆపమని చెప్పేదాన్ని అని మొదట్లో ఒకరిద్దరితో పోట్లాడాను కూడా. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఇదే పనికి కొత్తగా వచ్చిన మీ కార్డుల మీద సస్టెయినబిలిటీ అని అందమైన పేరు వేస్తున్నారు. సంతోషం. మీలో కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మేడమ్, మా కంపెనీ కార్బన్ క్రెడిట్లు కొంటోంది, దాని గురించి జనానికి ఏమని చెప్పాలి అని అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోన్లో ఇంత కథా చెప్పలేక ఒక్కసారి రాసి పడేస్తున్నాను. నాకు ఓపిక తక్కువని నాతో పనిచేసినవాళ్లందరికీ తెలుసు.

మాది సాతంరాయి. బెంగళూరు రోడ్డు పక్కన మా నాన్న కూరగాయలు పండించేవాడు. డిగ్రీ అయ్యాక కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ల్యాబులో కొన్నేళ్లు చేసి, ఆ తర్వాత ఈ లాండ్రీకి వచ్చాను. రిటైరయ్యేదాకా ఇక్కడే. లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ బండి అనుకోకండి. మామిడిపల్లి దగ్గర, ఎయిర్‌పోర్టుకు వెనక వైపు, పెద్ద పెద్ద షెడ్లు. విమానంలో చలేస్తోందని మీరు కప్పుకునే దుప్పటి, తల ఆనించే చోట వేసిన తెల్లగుడ్డ, హోటల్ గదిలో తుడుచుకుని కింద పడేసి వచ్చే తువ్వాలు, అన్నీ మా దగ్గరికే వచ్చేవి. తెల్లగా తిరిగి వెళ్లాలి. దానికి బోలెడంత ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు, బాయిలరుకు ఫర్నేస్ ఆయిల్. పెట్రోలు, డీజిలు తీసేశాక అడుగున మిగిలే చిక్కటి నల్ల నూనె అది. ఒక్క చుక్క చీర మీద పడిందంటే ఆ చీర మీద ఆశ వదులుకోవాల్సిందే.

బాయిలరు నడిపేవాణ్ణి అందరం అన్న అనేవాళ్లం, అతనిది మామిడిపల్లే. ఇంచుమించు నా వయసువాడు. ఇంట్లో బర్రె గురించి మాట్లాడినట్టే బాయిలరు గురించి మాట్లాడేవాడు. “దీనికి పొద్దుగాల లేవంగనే కోపం మేడమ్. జర సేపు బుసలు కొడ్తది. కడుపుల ఇంత వేడి పడ్డంక సాధువైతది” అనేవాడు. నిజమే. రాత్రి చల్లారిపోయిన బాయిలరును తెల్లవారుతుండగా ముట్టిస్తే నూనె సరిగా మండదు. కాసేపు గొట్టంలోంచి నల్లటి పొగ, దాంతోపాటు మసి. పొద్దెక్కేసరికి అది పలచబడి, ఉందా లేదా అన్నట్టయ్యేది. ఆఫీసువాళ్లు టిఫిన్లు చేసి, ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ కార్లు దిగేసరికి ఆ గొట్టం నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకంగా నిలబడి ఉండేది.

అలా రోజులు గడుస్తుండగా పెద్ద హోటళ్లవాళ్లు తమ పనులు చేసిపెట్టే కంపెనీలన్నిటినీ ఒక కొత్త ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. వాతావరణ మార్పు విషయంలో మీ వ్యూహం ఏమిటి? మా పెద్దసారు, అంటే కంపెనీ యజమాని, శంషాబాద్ పక్క రైతు కుటుంబం మనిషి. చిన్న రేకుల షెడ్డులో మొదలుపెట్టి ఇంత చేశాడు. నన్ను పిలిచి, “వ్యూహమేందమ్మా? యుద్ధానికి పోతున్నమా ఏంది? బట్టలు ఉతుకుతున్నం గదా” అన్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఈ నల్ల నూనె మానేసి గ్యాస్ బాయిలరు పెడదాం, ఉతికాక పారబోసే వేడినీళ్లలోని వేడిని మళ్లీ వాడుకుందాం, ముందు మన పొగ తగ్గిద్దాం అన్నాను. “చేద్దాం, చేద్దాం” అన్నాడు. ఆ చేద్దాం ఎలాంటిదో మీకూ అనుభవమే. ఈలోపు సలహాలిచ్చే కంపెనీవాళ్లు వచ్చి, ఇంతోటిదానికి అంత తంటా ఎందుకు, క్రెడిట్లు కొనేయండి అన్నారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్కడో ఎవరో చెట్లు పెంచి గాల్లోని కర్బనాన్ని తగ్గిస్తారు, లేదా పల్లెల్లో తక్కువ కట్టెలతో వండుకునే పొయ్యిలు పంచుతారు. అలా ఒక టన్ను తగ్గిందని తనిఖీ చేసి తేలిస్తే అది ఒక క్రెడిట్. దాన్ని మనలాంటి కంపెనీ కొని తన పేరున రద్దు చేయించుకుంటుంది, ఇంకెవరూ మళ్లీ వాడుకోకుండా. ఇక్కడ మనం వదిలిన టన్నుకు అక్కడ తగ్గిన టన్ను చెల్లు. ఆ చెల్లు కాగితం మీద. మన గొట్టంలోంచి పోయేది పోతూనే ఉంటుంది. నేను క్రెడిట్లకు శత్రువును కాను. మా కంపెనీ కొన్నవి వేరే రాష్ట్రంలో పొయ్యిలు పంచినవాళ్లవి. పొగలో కళ్లు తుడుచుకుంటూ వండే ఆడవాళ్లకు అది మేలే కదా. నా గొడవల్లా మనం దాన్ని ఏమని చెప్పుకుంటాం అన్నదాని దగ్గరే.

చెప్పుకునే పని మా బ్రాండ్ మేనేజరుది. గోదావరి జిల్లా అబ్బాయి. మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన. ఆ కంపెనీ మొత్తంలో నన్ను ‘మేడం గారూ’ అని పిలిచే ఒకే ఒక్క మనిషి. అతను రిపోర్టులో ‘మా లాండ్రీ నుంచి కర్బన ఉద్గారాలు సున్నా’ అని రాశాడు. మీటింగులో నేను ఊరుకోలేదు.

“సున్నా ఎట్లయితది బాబూ? మనం వదిలింది ఇంత, తగ్గించింది ఇంత, మిగిలినదానికి ఫలానా చోట పొయ్యిలకు పైసలిచ్చినం. గిట్ల రాయి.”

“అంత పొడుగ్గా రాస్తే ఎవరు చదువుతారండీ మేడం గారూ? చెల్లుకు చెల్లు అయిపోయాక మిగిలేది సున్నాయే కదండీ.”

పెద్దసారు కల్పించుకుని, “నువ్వెప్పుడూ మంచి ముచ్చటల అడ్డం పడుతవమ్మా” అన్నాడు. అందరూ నవ్వారు. నేను చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి కూర్చున్నాను. ఒళ్లు మండిపోయిందనుకోండి.

వారం తిరక్కుండా గేటు మీద ఆకుపచ్చ బోర్డు లేచింది. తీగ మీద ఆరేసిన తెల్లటి దుప్పటి బొమ్మ, పక్కన ఒక ఆకు. కింద పెద్ద అక్షరాలతో, ‘పొగ లేని లాండ్రీ. కర్బన కాలుష్యం సున్నా.’ కర్బనం అంటే ఊళ్లోవాళ్లకు తెలియదని పొగ అని రాశానండీ అని ఆ అబ్బాయి ఎంతో మురిసిపోతూ చెప్పాడు. అతను కావాలని అబద్ధం రాయలేదు, ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను. అతను వచ్చే వేళకు గొట్టంలో పొగే కనబడేది కాదు. బాయిలరు అన్న మాత్రం బోర్డు చూసి వచ్చి, “మేడమ్, నన్ను తీసేసిన్రా ఏంది? పొగ లేదంటే బాయిలర్ లేనట్టే. బాయిలర్ లేకుంటే నేను లేనట్టే” అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

అయితే ఆ బోర్డును నిజంగా నమ్మిన మనిషి ఒకామె ఉంది. ఆమె వడియాలు, పాపడాలు, చల్ల మిరపకాయలు చేసి దుకాణాలకు, పెళ్లిళ్లవాళ్లకు ఇచ్చేది. మా సాతంరాయి వైపే ఒక డాబా మీద ఆరబెట్టుకునేది. ఆ ఇంటాయన ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లకు కిరాయికి ఇద్దామని డాబా మీద ఇంకో అంతస్తు లేపాడు. వడియాలకు చోటు పోయింది. ఎండాకాలం మొదలైపోయింది. ఆ పనిలో ఎండాకాలం పోతే ఏడాది పోయినట్టే. వెతగ్గా వెతగ్గా మా లాండ్రీ గోడకు అవతల, రోడ్డు దాటగానే ఒక పెద్ద డాబా దొరికింది. మా గొట్టం చూసి ఆమెకు అనుమానం వచ్చిందట. మధ్యాహ్నం పూట నిలబడి చూసింది, పొగ లేదు. గేటు దగ్గరికొచ్చి బోర్డు చదివింది. ఇంకేం కావాలి? ఎండాకాలం మొత్తానికి డాబా కిరాయి ముందే కట్టేసింది.

వడియాలు చేసేవాళ్ల పని మీకు తెలుసు కదా. తెల్లవారకముందే లేచి పిండి ఉడికించాలి. వెలుగు రాగానే తడిపిన తెల్లచీరల మీద పెట్టేయాలి, మొదటి ఎండ నుంచీ ఆరాలి. సరిగ్గా ఆ వేళకే మా బాయిలరు నిద్ర లేస్తుంది.

ఆమె అక్కడ పని మొదలుపెట్టి నాలుగు రోజులైందో లేదో, ఒక శనివారం. ఒక పెద్ద హోటళ్ల కంపెనీవాళ్లు మా ‘పొగ లేని లాండ్రీ’ చూడటానికి వస్తున్నారు. వాళ్ల పని దొరికితే ఇంకో షెడ్డు వేయాలని పెద్దసారు ఆశ. అందుకని నేనూ తొందరగా బయల్దేరాను. గేటు ఇంకా దూరముండగానే వాచ్‌మన్ ఎదురొచ్చాడు. “మేడమ్, ఒకామె గేటుకాడ కూసున్నది. లెమ్మంటే లేస్తలేదు. మీరన్న చెప్పున్రి.”

సరిగ్గా బోర్డు కిందే కూర్చుని ఉంది. ఒళ్లో స్టీలు పళ్లెం. నన్ను పైనుంచి కిందికి చూసింది.

“పొల్యూషన్ మేడమ్ నువ్వేనా?”

“నేనే. ఏమైందక్కా?”

“ఏమైందో తర్వాత చెప్త. ముందుగాల గా బోర్డు మీద ఏం రాసిన్రో నా ముంగట ఒక్కసారి చదువు.”

“పొగ లేని లాండ్రీ” అని చదివాను. చిన్నపిల్లలా నిలబడి చదువుతుంటే నా గొంతు నాకే ఎలాగో ఉంది.

“మరి గిదేంది?” అని పళ్లెం నా ముందుకు తోసింది. సగ్గుబియ్యం వడియాలు. తెల్లగా ఉండాల్సినవాటి మీద నల్లటి చుక్కలు. “పెండ్లోళ్ల సరుకు గిది. ఊదితే పోతలేదు, తుడిస్తే అంటుతున్నది. మొన్న పడ్డప్పుడు విమానాలదేమో అనుకున్న. డాబా మీద నిలవడి, పైకెల్లి పోయే ఒక్కొక్క విమానాన్ని తిట్టిన. మీ బోర్డు మీద గంత నమ్మకం నాకు! ఇయ్యాల కండ్లార చూసిన. మీ గొట్టం నా నెత్తిమీదనే దగ్గుతున్నది.”

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాను. క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించబోతే వద్దంది.

“ఇయ్యాల ఒక్కపొద్దు. చాయ్ తాగుత.”

“ఏం మొక్కుకున్నవక్కా?”

“నాకేం మొక్కులు? మా ఆయనకు బీపీ. ఆయన పేరు మీద శనివారాలు నేను ఉపాసం ఉంట. ఆయన ఇంట్ల పులుసన్నం తినుకుంట, నీతోని నేనెందుకు, నువ్వే పోయి కొట్లాడు అన్నడు.”

అంతలో మా బ్రాండ్ అబ్బాయి వచ్చి నా వెనక నిలబడ్డాడు. గేటుకు పూలదండలు కట్టించాలని ఆ ఒక్కరోజు తెల్లవారకముందే వచ్చాడట. ముఖం పాలిపోయి ఉంది.

“మేడం గారూ, ఏదో తగలబడిపోతోంది అనుకున్నానండీ. ఫైరింజనుకు ఫోన్ చేయబోయాను. బాయిలరాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. రోజూ ఇంతేనా అండీ?”

“రోజూ ఇంతే” అన్నాను. అతను బోర్డు వైపు చూశాడు, పళ్లెం వైపు చూశాడు.

పెద్దసారు కారు వచ్చింది. ఆయన దిగి, సంగతి విని, గుండె బాదుకున్నంత పని చేశాడు. అతిథులు దారిలో ఉన్నారు మరి. జేబులోంచి తీసి, పాడైన సరుకుకు సరిపడా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. ఎందుకు తీసుకోదు? కొంగున ముడేసుకుని మళ్లీ కూర్చుంది.

“ఇగ లేవమ్మా, ఇచ్చిన గదా.”

“ఇచ్చినవ్. ఇది ఖరాబైన వడియాలకు. రేపటియి యాడ ఆరబెట్టాలె? ఎండాకాలమంత డాబాకు కిరాయి కట్టి కూసున్న. పొగన్న ఆపు, బోర్డన్న దింపు. నా లెక్క ఇంకెవ్వరు చదివి మోసపోవద్దు.”

పెద్దసారు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎట్లనన్న లోపలికి తీస్కపో అని. నేను చెప్పులు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

హోటల్‌వాళ్ల కారు వచ్చి ఆగింది. ముందు దిగినామె పెద్ద అధికారి, హైదరాబాద్ మనిషే. పూలదండలు చూసింది, బోర్డు చూసింది, కింద కూర్చున్న మమ్మల్ని చూసింది. పళ్లెం చూసి ఆమె ముఖం విప్పారింది.

“అరె, నువ్వుల వడియాలా! మా అమ్మమ్మ చేసేది” అంటూ వంగి ఒకటి తీసుకోబోయింది.

వడియాలామె నోరు తెరిచింది. పెద్దసారు అడ్డం రాబోయాడు. వాళ్లిద్దరి కంటే ముందు మా అబ్బాయి గొంతు వినబడింది.

“తీసుకోకండి మేడం. అవి నువ్వులు కావండీ. మసి. మా గొట్టంలోంచి వచ్చిందే. పొద్దున నా కళ్లతో చూశాను. ఆ బోర్డు రాసింది నేనేనండీ, తప్పు రాశాను.”

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. “రిపోర్టులో కూడా సున్నా అని ఉందే?”

“అది రాసిందీ నేనేనండీ.”

ఆ మాటకు ఎంత ధైర్యం కావాలో మీరు ఆలోచించండి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నాకు మాత్రం లేచి ఆ పిల్లాణ్ణి కావలించుకోవాలనిపించింది. ఇన్నేళ్లు మీటింగుల్లో నేను అరిచిన అరుపులన్నీ ఒక పక్క, ఆ ఒక్క మాట ఒక పక్క.

వచ్చినవాళ్లు షెడ్లన్నీ తిరిగి చూశారు. వెళ్తూ వెళ్తూ ఆ అధికారి పెద్దసారుతో, “క్రెడిట్లు కొనడం తప్పు కాదండీ. దాని వెనక మీ పొగను దాచకండి. ఎంత వదులుతున్నారు, ఎలా తగ్గిస్తారు, ఆ తర్వాత క్రెడిట్లు. ఈ వరసలో రాసి పంపండి. అప్పుడు మాట్లాడుకుందాం” అంది.

కారు మలుపు తిరగ్గానే మమ్మల్ని ఆఫీసు గదిలోకి పిలిచారు. నేను, బ్రాండ్ అబ్బాయి, గుమ్మం దగ్గర బాయిలరు అన్న. వడియాలామె ఇంకా గేటు దగ్గరే ఉంది. పెద్దసారు బల్ల గుద్దాడు.

“సర్టిఫికెట్ నకిలీదా? కాదు. పైసలు కట్టలేదా? కట్టినం. గా పల్లెల్ల ఆడోళ్లకు పొయ్యిలు పోయినయా లేదా? పోయినయి. మరి అబద్ధం ఏడుందో చెప్పున్రి నాకు!”

అబ్బాయి తల వంచుకున్నాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. పుస్తకాల భాషలో ఆయనకు నేను అప్పటికే చాలాసార్లు చెప్పి ఓడిపోయాను. అప్పుడు గేటు దగ్గర విన్న మాట గుర్తొచ్చింది.

“సార్, మీ ఇంట్ల శనివారం ఒక్కపొద్దు ఎవరుంటరు?”

“గదెందుకిప్పుడు? మా ఇంటామె ఉంటది.”

“ఎవరి పేరు మీద?”

“నా పేరు మీదనే. నాకు షుగర్ గదా.”

“మరి శనివారం మీరేం తింటరు?”

ఆయన గొంతు కొంచెం తగ్గింది. “ఏదుంటే అది.”

“బగార అన్నం గిట్ల?”

“ఎప్పుడన్న ఒకసారి.”

“రేపు దవాఖానల డాక్టర్ ముంగట కూసున్నప్పుడు, ఏం తిన్నవయ్యా అని అడిగితే ఏమంటరు? నేనేం తినలే సార్, మా ఇంటామె ఒక్కపొద్దున్నది అంటరా?”

ఆయన బల్ల మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మీ ఇంటామె ఉపాసం ఉత్తగ పోదు సార్. పుణ్యం మీకు గూడ వస్తదో ఏమో, దేవునికే ఎర్క. కని మీరు తిన్నది మీ ఒంట్లనే ఉన్నది గదా. రక్తం తీస్తే అదే కనబడ్తది.”

ముందు నవ్వింది బాయిలరు అన్న. పెద్దసారు అతని వైపు గుడ్లురిమి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన పొట్ట కదలడం మొదలైంది. ఆ తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. “నా ఇంటి దాక వస్తివి గదమ్మా” అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత లేచి కిటికీలోంచి గేటు వైపు చూశాడు.

“దింపేద్దాం బోర్డు.”

“దింపితే మళ్ల ఏం చెప్పనట్టే సార్. ఉన్నదున్నట్టు రాద్దాం.”

అబ్బాయి అక్కడే కూర్చుని రాశాడు. మొదటి వాక్యం, ‘మా లాండ్రీ నుంచి పొగ వస్తుంది.’ పెద్దసారు తల పట్టుకుని, “ఎవడన్న సొంత గేటుకు గిట్ల రాసుకుంటడారా!” అన్నాడు. కాని కొట్టేయలేదు. ఒక్కో మాట దగ్గర పెళ్లి సంబంధం కుదుర్చుకున్నంతసేపు వాదించుకున్నాం. చివరికి తేలింది ఇది. ‘మా లాండ్రీ నుంచి పొగ వస్తుంది. తెల్లవారుజామున ఎక్కువ వస్తుంది. తగ్గించే పనిలో ఉన్నాం. మేం వదిలినదానికి బదులుగా వేరే రాష్ట్రంలో పొగ తక్కువ పొయ్యిలకు డబ్బు ఇస్తున్నాం. దానివల్ల ఇక్కడి పొగ పోదు.’ ఆఖరి వాక్యం మరీ ఎక్కువైందని పెద్దసారు కొట్టేశాడు. సోమవారం పొద్దున వచ్చీ రాగానే మళ్లీ పెట్టమన్నాడు. ఇంట్లో ఆమెకు చదివి వినిపిస్తే ఆ వాక్యమే బాగుందన్నదట. ఒక్కపొద్దు సంగతి కూడా చెప్పారా సార్ అని అడిగాను. ఫైలు తెరిచి అందులో తల దూర్చాడు.

సరే, బోర్డు బాగుపడింది, వడియాల సంగతేమిటి? దానికి దారి చూపింది బాయిలరు అన్నే. నూనెను ముందే బాగా వేడి చేసి, ఇంకా చీకటి ఉండగానే ముట్టిస్తే, వెలుగు వచ్చేసరికి దాని కోపం చల్లారిపోతుంది అన్నాడు. “నా నిద్ర మాత్రం ఖరాబ్” అని సణుగుతూనే ఒప్పుకున్నాడు. మసి ఆగగానే గోడ దగ్గరికొచ్చి ఈల వేసేవాడు. ఆ ఈల వినబడ్డాకే ఆమె చీరలు పరిచేది. ఒక్కోరోజు ఆలస్యమైతే డాబా మీదినుంచి, “ఓ అన్నా, ఇయ్యాల నీ బర్రె ఇంక లేవలేదా?” అని కేక. మా వాషింగ్ మిషన్ల దగ్గర ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వేవారు. ఆ ఎండాకాలం ఆమె పెళ్లిళ్ల సరుకు మొత్తం తెల్లగా అందించింది. నాకు అది చాలు అనిపించింది.

మరి కంపెనీ ఏమైందంటారా? ఒక విమానాల కంపెనీ మమ్మల్ని వదిలేసి, సున్నా అని రాసుకున్న ఇంకో లాండ్రీకి వెళ్లిపోయింది. పెద్దసారు కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. హోటళ్లవాళ్లు మాత్రం కొత్త రిపోర్టు చదివి, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా పని ఇచ్చారు. బ్రాండ్ అబ్బాయి ఉద్యోగం ఊడలేదు. పైగా రోజూ తెల్లవారుజామున ఒకసారి వచ్చి గొట్టం చూసి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. కొత్తగా పెళ్లయినవాడు, వాళ్లావిడ నన్ను ఎంత తిట్టుకుందో ఏమో.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. క్రెడిట్లు కొననివ్వండి, మంచిదే. కానీ ఏ వాక్యమైనా రాసే ముందు మీ గొట్టం నిద్రలేచే వేళకు ఒకసారి వెళ్లి చూడండి. దాని పక్కన ఎవరి డాబా ఉందో చూడండి. నిజం రాసి గేటుకు తగిలిస్తే ఏమవుతుందని భయపడతారు కదా, మా దగ్గర ఏమైందో చెప్తాను. కొన్ని నెలలయ్యాక పెద్దసారే నన్ను పిలిచి, “రోజు పొద్దుగాల పోయిన నా ఇజ్జత్ నేనే చదువుకుంట లోపటికి వస్తున్నమ్మా. మస్తు పరేషాన్ అయితున్న. గా గ్యాస్ బాయిలర్ ముచ్చటేందో జల్ది చూడు” అన్నాడు. నేను ఏళ్లతరబడి అడిగినా కదలనిది ఆ బోర్డు కదిలించింది.

మరుసటి ఎండాకాలం, గ్యాస్ బాయిలరు ముట్టించిన రోజు అందరం పైకే చూస్తూ నిలబడ్డాం. ఏమీ కనబడలేదు. బాయిలరు అన్న ఈల వేయడం కూడా మరిచిపోయాడు. ఆ ఏడూ అదే డాబా తీసుకున్న వడియాలామె ఈల కోసం చూడకుండానే చీరలు పరిచేసి, డాబా దిగి, రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“సారూ, ఇగ మీ పాత బోర్డే పెట్టుకోన్రి. పొగ లేని లాండ్రీ. ఎవరన్న అడిగితే నన్ను పిలువున్రి, నేను సాక్ష్యం చెప్త.”

నేను నోరు తెరవబోయాను. ఇలాంటి చోట నేను అడ్డం పడాల్సిందే కదా. అయితే పెద్దసారు అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు.

“లేదమ్మా. నల్లది పోయింది గాని, పొగ పోలేదు. గ్యాస్ కాలినా పోయేది పోతనే ఉంటది. మునుపటికన్న తక్కువ, గంతే.”

ఆమె నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గొట్టం వైపు చూసింది. “యాడ? నాకేం కానొస్తలేదు.”

“నాకు గూడ కానొస్తలేదు. కని ఉన్నది. నాదే అది.”

“కానరాని పొగకు గూడ బోర్డు పెట్టుకుంటవా? గిదేం మనిషివయ్యా!” అని నవ్వుకుంటూ ఆమె వెళ్లిపోయింది. పెద్దసారు బ్రాండ్ అబ్బాయిని పిలిచి, “నల్ల పొగ పోయింది, కనబడనిది ఇంక పోతనే ఉన్నది, దాన్ని గూడ తగ్గిస్తం అని రాయి” అన్నాడు. అబ్బాయి నిలబడే రాసుకున్నాడు. ఆ కంపెనీలో నేను నోరు విప్పాల్సిన అవసరం రాకపోవడం అదే మొదటిసారి.